నేను చెప్పిన చిన్న సంఖ్య

ఎవరికీ చెప్పకుండా ఇన్నేళ్ళూ నేను మోసుకుంటూ వచ్చింది ఒక సంఖ్య. రెండంకెలది. చెబితే ఇంతేనా అంటారు. ఎవరి సొమ్మూ తినలేదు, ఎవరి కాపురమూ కూల్చలేదు, గట్టిగా చెప్పాలంటే అబద్ధం కూడా ఆడలేదు. అయినా ఆ సంఖ్య ఎక్కడైనా కనబడితే, బస్సు వెనక గానీ, పిల్లల మార్కుల్లో గానీ, చూపు తిప్పేసుకుంటాను. అందుకే దాన్ని ఇక్కడ కూడా రాయను.

నా పేరూ రాయను. ఊరు చెబుతాను, భిలాయి. కాలం తొంభైలు. ఏ ఏడో చెప్పను. చెబితే మీరు ఎవరినో ఒకరిని పట్టుకుని సరిచూసుకుంటారని అనుమానం. ఏమీ అనుకోకండి, నాకు అందరి మీదా అనుమానమే. పాలవాడు నీళ్ళు కలిపాడేమో, టైలరు గుడ్డ మిగుల్చుకున్నాడేమో, పక్కింటావిడ పలకరింపు వెనక ఏం పనుందో. మా ఆయనది చరోదా రైల్వే యార్డులో ఉద్యోగం. షిఫ్టు దిగి ఆలస్యంగా వస్తే, ఆయన చెప్పిన కారణం విని ఊరుకుని, మర్నాడు ఆయన జతగాడిని వేరేగా అడిగేదాన్ని. నిన్ను పోలీసుల్లో వేసుకోవాల్సింది అని నవ్వేవాడాయన. చదువు కూడా నాకు తగ్గదే దొరికింది. రాయపూర్‌లో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేశాను. కొందరిని చూసి అందరి గురించీ మాట్లాడే ముందు ఎంత అనుమానించాలో నేర్పే చదువు అది. అనుమానించడం తెలివేనని నాకు పట్టా చేతికిచ్చి మరీ చెప్పారు.

ఆ రోజుల్లో నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతూ, సాయంత్రాలు రైల్వే క్వార్టరు వరండాలో ట్యూషన్లు పెట్టుకునేదాన్ని. గోడకి పెద్ద నల్లబోర్డు ఉండేది. నా ఎమ్మెస్సీ మాత్రం అక్కడ ఎవరికీ అక్కర్లేదు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో డాక్టరు థీసిసు రాసుకుంటూ, ఎంతమంది రోగుల్ని చూస్తే సరిపోతుందో చెప్పమని అడ్రసు వెతుక్కుంటూ వచ్చేవాడు. ఆ రోజు నేను మంచి చీర కట్టుకునేదాన్ని. నా చదువుకు పని దొరికిన రోజు కదా. మీకిదంతా ఎందుకు చెబుతున్నానంటే, నన్ను బలవంతపెట్టి ఎవరూ ఏమీ చేయించలేదని ముందే తెలియాలి. పిలిచినందుకే పొంగిపోయే స్థితిలో ఉన్నాను నేను.

ఇక సింహాద్రి బావ గురించి చెప్పాలి. ఇంతసేపూ తప్పించుకుంటున్నది అదే.

బావ మా మేనమామ కొడుకు. మావయ్యా మా నాన్నా శ్రీకాకుళం వైపు నుంచి ఒకేసారి భిలాయి ఉక్కు ప్లాంటు పనికి వచ్చారు. సెక్టర్ 6లో మా రెండు క్వార్టర్లూ ఒకే వీధి. నన్ను బావకిచ్చి చెయ్యాలని మా అమ్మ ఆశ. బావ మెట్రిక్కు తప్పాడు, మళ్ళీ కట్టి మళ్ళీ తప్పాడు. నేను చేసుకోనని మొండికేశాను. అమ్మ కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. బావ మాత్రం నా పెళ్ళిలో దగ్గరుండి వడ్డనలు చూసుకున్నాడు. బతికిపోయాన్రా బాబూ, రోజూ ఎక్కాలు అప్పజెప్పాల్సొచ్చేది అని అందర్నీ నవ్వించాడు. ఆ నవ్వు నిజమేనా? అప్పుడూ అనుమానించాను, ఇప్పుడూ తేల్చుకోలేను. నా మీద కోపం లేదంటే నేను నమ్మలేకపోయాను. కోపం ఉందంటే ఆనవాలేదీ దొరకలేదు.

ఇంకోటి కూడా ఉంది. చిన్నప్పుడు బావ బడి ఎగ్గొట్టడానికి చంకలో ఉల్లిపాయ పెట్టుకుని దుప్పటి కప్పుకునేవాడు. ఒళ్ళు కాలిపోతోందని అత్త కంగారు పడేది. ఆ ఉల్లిపాయను పట్టుకున్నది నేను. అందరి ముందూ దుప్పటి లాగి దాన్ని బయటికి తీసినప్పుడు నాకెంత గర్వం వేసిందో చెప్పలేను. ఆ తర్వాత బావకి నిజంగా మలేరియా వచ్చినా నాకు ఉల్లిపాయ వాసనే తగిలేది. ఇది నవ్వుతూ చెప్పుకునే ముచ్చటే. మా ఇళ్ళల్లో ఏ పెళ్ళిలోనైనా చెప్పుకునేవాళ్ళు. దీని వల్ల ఒక మనిషి ఊపిరికి ముప్పు వస్తుందని ఎవరనుకుంటారు?

బావకి ప్లాంటులో పర్మినెంటు ఉద్యోగం దొరకలేదు. గౌరిని పెళ్ళి చేసుకుని, ఖుర్సీపార్ వైపు ఇల్లు తీసుకుని, టౌన్‌షిప్పు బయట ఒక ప్రైవేటు కార్ఖానాలో చేరాడు. కొలిమి లోపలివైపు పేర్చే ఇటుకలు చేసేది ఆ కార్ఖానా. రాళ్ళను మిషన్లో వేసి పొడి కొడతారు, జల్లిస్తారు, అచ్చుల్లో పోసి కాలుస్తారు. పొడి కొట్టే షెడ్డులో పనిచేసి వచ్చిన మనిషి కనుబొమలూ చెవుల వెంట్రుకలూ తెల్లగా ఉండేవి. బావ అలాగే సైకిలెక్కి మా ఇంటికి వచ్చేవాడు. ముసలాణ్ణయిపోయాను, ఇప్పుడైనా గౌరవం ఇవ్వు అనేవాడు. గుమ్మంలో దులుపుకుని రమ్మనేదాన్ని.

ఆ షెడ్డులో వాళ్ళకి దగ్గులు మొదలయ్యాయి. కొందరు మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు. దుమ్మును లాగేసే మిషను పెట్టాలనీ, ఆ షెడ్డులో ఎప్పుడూ ఒకళ్ళనే ఉంచకుండా మారుస్తూ ఉండాలనీ అందరూ కలిసి అడిగారు. అడిగినవాళ్ళలో ముందు నిలబడ్డది మా బావ. యజమాని, ఆయన్ని అందరూ సేఠ్ అనేవాళ్ళు, కాదనలేదు. డాక్టరు చేత పరీక్ష చేయిస్తాను, దుమ్ముతో హాని ఉందని తేలితే మిషను పెట్టిస్తాను అని నలుగురి ముందూ మాటిచ్చాడు. తేలకపోతే ఇక ఈ ఊసెత్తకూడదన్నాడు. వాళ్ళు సరేనన్నారు. తమ ఊపిరి సంగతి తమకి తెలుసు కాబట్టి, పరీక్షలో కూడా అదే వస్తుందనుకున్నారు.

ఆ పరీక్ష చెయ్యడానికి సేఠ్ మాట్లాడుకున్న డాక్టరు నా దగ్గరికి వచ్చాడు. ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో పనిచేసేవాడు. హిందీ మనిషి, మర్యాదస్థుడు, నన్ను బెహన్‌జీ అనేవాడు. దుమ్ములో పనిచేసేవాళ్ళనీ, దుమ్ము తగలని పనుల్లో ఉన్నవాళ్ళనీ విడివిడిగా ఒక మిషన్లోకి గట్టిగా ఊదిస్తారట. ఎవరి ఊపిరి ఎంతో అది చూపిస్తుంది. రెండు గుంపులకూ తేడా ఉందో లేదో చూడాలి. ఎంతమంది చేత ఊదించాలో నేను చెప్పాలి. ఆయన సేఠ్ కారులో రావడం నేను కిటికీలోంచి చూశాను. అనుమానం అక్కడే మొదలైంది. అయినా చీర మార్చుకుని, టీ పెట్టి, బోర్డు తుడిచి నిలబడ్డాను.

ఇక్కడ నా విద్య గురించి కొంచెం ఓపిక పట్టాలి మీరు. లేకపోతే నా తప్పు మీకు కనబడదు. అది కనబడకుండా ఉండేలాంటి తప్పే.

ఎంతమందిని చూడాలో చెప్పడానికి సూత్రం ఉంది. కానీ ఆ సూత్రం మనల్ని ఒక ప్రశ్న అడుగుతుంది. ఎంత తేడా ఉంటే పట్టుకోవాలనుకుంటున్నావు? ఒక్కణ్ణి కూడా చూడకముందే జవాబు చెప్పాలి. రెండు వీధుల పిల్లల్లో ఎవరు పొడుగో తేల్చాలనుకోండి. ఒక వీధివాళ్ళు రెండోవాళ్ళ కంటే జానెడు పొడుగైతే, కొద్దిమందిని నిలబెడితే తెలిసిపోతుంది. వేలెడే పొడుగైతే వీధి వీధంతా నిలబెట్టాలి. తేడా సగమైతే మనుషులు నాలుగింతలు కావాలి. కాబట్టి తేడా పెద్దదని అనేసుకుంటే కొద్దిమందితో పని గడిచిపోతుంది. ఉన్నది చిన్న తేడా అయితే మాత్రం అది ఆ కొద్దిమందిలో దొరకదు. దొరకలేదు కాబట్టి లేదని అందరూ అనుకుంటారు.

నేను డాక్టరును అడిగాను, ఊపిరి ఎంత తగ్గితే ప్రమాదం అని. కొంచెం తగ్గినా ప్రమాదమేనన్నాడు ఆయన. రాతి దుమ్ము లోపలికి వెళితే మళ్ళీ బయటికి రాదు, తగ్గిన ఊపిరి తిరిగి పెరగదు అన్నాడు. ఆ మాట ఆయన నోటితోనే నాకు చెప్పాడు. దాన్ని బట్టి చిన్న తేడా పెట్టుకుని బోర్డు మీద లెక్క కట్టాను. సరైన లెక్క. వచ్చిన సంఖ్య చూసి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ కార్ఖానాలో ఉన్నవాళ్ళందర్నీ కలిపినా అంతమంది లేరు. అలాంటి ఇంకో రెండు మూడు కార్ఖానాల వాళ్ళని కూడా పిలవాలి. మిషను తను ఎవరి దగ్గరో అరువు తెచ్చాననీ, అన్నాళ్ళు ఉంచుకోలేననీ, తనకి కుదిరేది ఇంతమందేననీ ఒక సంఖ్య చెప్పాడు. దాన్ని ఎలాగోలా లెక్కలో సరిపెట్టండి బెహన్‌జీ అన్నాడు. రెండు రోజులు టైమివ్వండి అన్నాను.

ఆ రెండు రోజుల్లో నేను ఏం చెయ్యాలో నాకు బాగా తెలుసు. ఇంతమందితో ఈ పని కాదు, చేస్తే తేలదు, తేలలేదని రాసుకోండి గానీ లేదని రాయకండి అని చెప్పాలి. అంతే. ఆయన ఒప్పుకునేవాడో లేదో వేరే సంగతి. నేను చెప్పాలి.

మర్నాడు ఆయన నన్ను కార్ఖానా చూడ్డానికి తీసుకెళ్ళాడు. కారు గేటు దగ్గర ఆగింది. బావ పది మందితో అక్కడే ఉన్నాడు. నేను కారులోంచి దిగడం చూసి కళ్ళు పెద్దవి చేశాడు. తర్వాత గుండె మీద చెయ్యి వేసుకుని, నడుము వంచి, నాటకాల్లో ముసలివాడిలా పెద్దగా దగ్గడం మొదలుపెట్టాడు. పక్కవాళ్ళు నవ్వారు. డాక్టరు కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. ఇదిగో, మళ్ళీ మొదలుపెట్టాడు అనుకున్నాను. వీళ్ళందర్నీ కూడగట్టి, తేలిక పని కోసం వేసిన వేషం ఇది అనుకున్నాను. మా ఆయన కూడా ఎప్పుడూ అంటుండేవాడు, రైల్వే ఆస్పత్రిలో సగం దగ్గులు లైట్ డ్యూటీ కోసమేనని. ఉన్న దగ్గునే ఆ మనిషి వేళాకోళం చేసి చూపిస్తున్నాడని, అది అతని స్వభావమని, ఏడవాల్సిన చోట కూడా నవ్వించే మనిషని చిన్నప్పటినుంచి చూసినదాన్నై ఉండి కూడా నాకు తట్టలేదు. తట్టలేదా? తట్టనివ్వలేదా?

ఇంటికొచ్చి బోర్డు ముందు నిలబడ్డాను. డాక్టరు అడిగిన సంఖ్యను ముందు రాశాను. అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టాను. ఇంతమందే చాలాలంటే ఎంత తేడా ఉందనుకోవాలి? చాలా పెద్ద తేడా వచ్చింది. మనిషి సగం ఊపిరితో ఈడుస్తూ తిరుగుతుంటే తప్ప పట్టుబడనంత తేడా. అది చూసి నాలో నేను ఏమనుకున్నానో మీకు ఉన్నదున్నట్టు చెబుతాను. నిజంగా జబ్బుంటే కొండంత కనబడాలి, కనబడకపోతే అది నటనే అనుకున్నాను. అలా అనుకోవడానికి శాస్త్రం ఏదీ లేదు. డాక్టరు చెప్పింది దానికి సరిగ్గా ఎదురు. నాకున్నది బావ మీద ఒక పాత అనుమానం, దాన్ని తీసుకెళ్ళి సూత్రం అడిగిన ప్రశ్నకు జవాబుగా పెట్టాను. తర్వాత తడిగుడ్డతో మొదటి లెక్క తుడిచేశాను. పిల్లలు ట్యూషనుకి వచ్చే వేళయింది.

డాక్టరుకు ఆ చిన్న సంఖ్యే చెప్పాను. ఇది చాలు అన్నాను. ఆయన మొహం వికసించింది. లెక్క ఇలా కూడా కట్టొచ్చా అని అడిగాడు. కట్టొచ్చు అన్నాను. ఇన్నేళ్ళూ ఆయన్ని అనుమానిస్తూనే ఉన్నాను, సేఠ్ చెప్పమన్నదే చేశాడని, అరువు మిషను కథ అబద్ధమని. ఇప్పుడు ఆలోచిస్తే ఆయనకి నిజంగానే తెలియదేమో అనిపిస్తోంది. తెలిసిన మనిషిని నేను. ఇంతమందిలో ఆ తేడా దొరకదని ఆ గదిలో తెలిసింది నాకొక్కదానికే.

ఊదించడం మొదలైంది. ఒకరోజు నేనూ వెళ్ళాను. మిషను పెట్టినతను ఔర్ జోర్ సే, ఔర్, ఔర్ అని, ఇంకా గట్టిగా ఊదమని అరుస్తుంటే ఒక్కొక్కరూ మెడనరాలు ఉబ్బేలా ఊదుతున్నారు. బావ వంతు వచ్చింది. ఊదాడు. మధ్యలో దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. మళ్ళీ ఊదమన్నారు. మళ్ళీ దగ్గు. నేను గొంతు వైపు చూడలేదు, పెదాల వైపు చూశాను, కావాలని గాలి పక్కనుంచి వదిలేస్తున్నాడేమోనని. అలా చూసినదాన్ని నేను, అతని మరదల్ని.

చివరికి అంకెలు నా చేతికి వచ్చాయి. దుమ్ములో పనిచేసేవాళ్ళ సగటు ఊపిరి తక్కువగానే ఉంది. కళ్ళకి కనబడుతూనే ఉంది. కానీ ఇంత కొద్దిమందిలో ఆ తేడా కాకతాళీయంగా కూడా రావచ్చు అంటుంది మా శాస్త్రం. అలా అనేటట్టు చేసింది నేనే. చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు అని రాసిచ్చాను. రాసిన మాటలో తప్పు లేదు. ఏ ప్రొఫెసరు చూసినా సరేనంటాడు. ఇంతమందిలో కనబడకపోవడానికి కారణం వాళ్ళు ఇంతమందే కావడం అని దాని కింద ఇంకో వాక్యం రాయాలి. కలం చేతిలోనే ఉంది. రాయలేదు. కొన్నాళ్ళకి కార్ఖానా గేటు పక్కన హిందీలో నోటీసు అంటించారు, దుమ్ము వల్ల ఊపిరితిత్తులకు హాని లేదని పరీక్షలో తేలింది అని. కనబడలేదు అన్నది హాని లేదు అయిపోయింది. స్కూలు బస్సులో వెళుతూ నేనే చదివాను. దిగి మాట్లాడదామనుకున్నాను. అప్పుడు నా లెక్క కూడా బయటపడుతుంది కదా అనిపించింది. బస్సు వెళ్ళిపోయింది, నేనూ వెళ్ళిపోయాను.

ఆ ఆదివారం బావ వచ్చాడు. తగువుకే వచ్చాడనుకున్నాను. గుమ్మంలో సైకిలు ఆనించి, చెప్పకుండానే చొక్కా దులుపుకుని, వరండాలో పిల్లల బెంచీ మీద కూర్చున్నాడు.

"ఏటే పంతులమ్మా, మొత్తానికి మాకేటీ నేదని తేల్చీసేవు" అన్నాడు.

"నేను తేల్చలేదు బావా. లెక్క తేల్చింది" అన్నాను.

"అదేలే. నీ లెక్కలో తప్పుంటాదని నానెప్పుడైనా అన్నానేటి? మరి ఈ దగ్గేటే? ఎక్కణ్ణించి వత్తంది?"

"బీడీలు మానావా?"

"మానీసి శానా కాలమయింది. గౌరినడుగు."

"అయితే వేరే డాక్టరుకి చూపించుకో."

"సూపించేనే. దుమ్ములో పన్జేత్తన్నాను సాబ్ అన్నాను. దాన్తో ఏటీ అవదంట గదా, పరీచ్చలో వచ్చీసింది గదా అన్నాడు. ఇంకేటంటాడు, పాపం? ఇప్పుడు నా మీద నాకే డౌటొస్తందే. ఊరికే దగ్గుతున్నానేటి నాను అనీసి."

నవ్వాడు. నవ్వుతుండగా దగ్గు వచ్చింది. ఈసారి గుండె మీద చెయ్యి వేసుకోలేదు, పెద్దగా చెయ్యలేదు. మొహం అవతలికి తిప్పుకుని, తువ్వాలు నోట్లో కుక్కుకుని, నాకు వినబడకుండా దగ్గాలని చూశాడు. భుజాలు కదులుతున్నాయి. చాలాసేపు పట్టింది. నేను బల్ల మీద సుద్దముక్కలు సర్దుతూ ఉండిపోయాను.

దగ్గు తగ్గాక తువ్వాలు మడిచి జేబులో పెట్టుకుని అన్నాడు:

"మావోళ్ళు కొందరు ఒప్పుకోనేదు. సేఠ్ డబ్బులిచ్చి రాయించుకున్నాడు, మళ్ళీ గొడవ సేద్దుమన్నారు. నానే ఒద్దన్నాను. లెక్క కట్టింది మా మరదల్రా, ఒకళ్ళకి లొంగే మనిషి కాదు, సొంత బావని కూడా ఒదల్దు, అది నేదంటే ఇంక నేదే అనీసి సెప్పేను. అందరూ ఊరుకున్నారు."

అతను ఆ మాట గొప్పగా చెప్పాడు. నా గురించి గొప్పగా. ఎత్తిపొడుపేమోనని మొహంలోకి చూశాను, ఎక్కడా దొరకలేదు. జీవితంలో మొదటిసారి ఎత్తిపొడుపు అయితే బాగుండునని కోరుకున్నాను. అప్పుడైనా చెప్పాల్సింది. బావా, నేను చిన్న సంఖ్య చెప్పాను, మళ్ళీ పరీక్ష అడగండి అంటే చాలు. నోటి దాకా వచ్చింది. టీ తాగుతావా అన్నాను. తాగుతానన్నాడు.

దుమ్ము లాగే మిషను రాలేదు. షెడ్డు మార్పులూ రాలేదు. బావ అక్కడే పనిచేశాడు. తర్వాత సైకిలు తొక్కలేక నడిపించుకుంటూ వెళ్ళడం చూశాను. టీబీ అని మందులిచ్చారు. తగ్గలేదంటే మళ్ళీ అవే ఇచ్చారు. చాలా ఆలస్యంగా, వేరే ఊళ్ళో ఒక డాక్టరు ఎక్స్‌రే చూసి, ఏం పని చేసేవాడివని అడిగి, తల అడ్డంగా ఊపాడట. అప్పటికి బావ కూర్చుని నిద్రపోయేవాడు, పడుకుంటే ఊపిరి అందదు కాబట్టి. నాకు మాత్రం ఆ కాలమంతా ఏదో ఒక పని ఉండేది. పరీక్షలనీ, పిల్లలనీ. చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా గుమ్మం దగ్గరే ఎక్కువసేపు నిలబడేదాన్ని. అతను మాత్రం ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించడానికే చూసేవాడు, వాక్యం మధ్యలో ఆగి ఆగి.

బావ పోయిన తర్వాత, దినాల్లో ఎవరో చుట్టం ఆ మాయదారి దుమ్మే తినేసింది అంది. బావ భార్య గౌరి తలెత్తి, "దుమ్ము కాదంట. మా అక్క లెక్క కట్టి సెప్పింది" అంది. గౌరి నన్ను అక్కా అనే పిలిచేది. ఆ మాట నమ్మి అందా, తెలిసి అందా? ఎన్నేళ్ళు దీన్ని తిరగేసి మరగేసి చూశానో! తర్వాత ఎప్పుడు బెల్లం గవ్వలు చేసినా నాకు డబ్బాలో పెట్టి పంపేది. అందులో కూడా ఏదో ఉందనుకునేదాన్ని. తిని తెలుసుకుందామని తినేదాన్ని. బెల్లం తప్ప ఏమీ ఉండేది కాదు. నన్ను నమ్మే మనిషిని చూస్తే నాకు భయం వేసేది, అనుమానించేవాళ్ళ దగ్గర హాయిగా ఉండేది. మా ఆయనకి కూడా చెప్పలేదు. చెబితే, నువ్వొక్కదానివేం చేస్తావులే అని ఓదారుస్తాడు. ఆ ఓదార్పు నాకు సరిపోతుందేమోనని భయం.

ఇంతకాలం నన్ను నేను ఎలా సమాధానపరుచుకున్నానో అది కూడా చెప్పాలి. ఒక్క మనిషి పోయినంత మాత్రాన దుమ్ము వల్ల పోయాడని రుజువు కాదు అనుకునేదాన్ని. నా చదువు ప్రకారం అది నిజం. పెద్ద సంఖ్య చెప్పి ఉంటే డాక్టరు వెళ్ళిపోయి ఇంకెవరి చేతో లెక్క కట్టించుకునేవాడు అనుకునేదాన్ని. అదీ నిజం కావచ్చు. సేఠ్ ఎలాగూ మిషను పెట్టేవాడు కాదు అనుకునేదాన్ని. ఇలా నిజాలు ఒకటి మీద ఒకటి పేర్చుకుని వాటి వెనక కూర్చున్నాను. కానీ ఇంకెవరో కట్టిన లెక్కను బావ నమ్మేవాడు కాదు కదా! కార్ఖానాలో మిగతావాళ్ళతో కలిసి మళ్ళీ గేటు దగ్గర నిలబడేవాడు. వాళ్ళ నోరు మూయించింది నోటీసు కాదు. బావ వెళ్ళి నా పేరు చెప్పాడు, వాళ్ళు ఊరుకున్నారు. వాళ్ళలో ఎంతమంది తర్వాత బావలాగే అయ్యారో నేను వెళ్ళి అడగలేదు. ఎంతమందిని అడగాలో మాత్రం లెక్క కట్టి చెప్పగలను.

గౌరి ఈమధ్యే కూతురి దగ్గర ఉండడానికి విజయనగరం వెళ్ళిపోయింది. వెళ్ళేముందు చెప్పి పోదామని వచ్చింది. మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఆటో వచ్చేదాకా నాకు టైముంది. చెప్పలేదు. ఆమె వెళ్ళిపోయాక, ఆమె చదవలేని చోట, పేరు పెట్టకుండా మీకు రాస్తున్నాను. ఇది ధైర్యమా? పేరు లేని ఒప్పుకోలు కూడా నాకు కుదిరినంత చిన్న సంఖ్య చెప్పడమేనేమో. మీరు నన్ను అలా అనుమానిస్తే నేను కాదనను.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సిన మనిషి లేడు. ఉన్నా, ఏదో వేళాకోళం చేసి నన్ను వదిలేసేవాడు, అది ఇంకా భరించలేను. జరిగింది ఒక్కసారి తిన్నగా చెబుతాను, ఇంతవరకూ ఇలా తిన్నగా నాతో నేను కూడా అనుకోలేదు. బావ దగ్గు నిజం. సరైన సంఖ్య నాకు తెలుసు. తెలిసీ తప్పుది చెప్పాను. ఎందుకంటే అతన్ని నమ్మడం నాకు ఇష్టం లేకపోయింది.

రాసి, కలం పక్కన పెట్టి, వరండాలోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. ఎదురింటి కోడలు ఎందుకో నా వైపు చూసి నవ్వింది. ఎందుకు నవ్విందో ఆలోచించలేదు. నేనూ నవ్వాను.